ఋణవిముక్తి – గృహస్థుని లెక్కలో సత్యము

అప్పు రెండు చోట్ల పెరుగును. ఒకటి ఋణదాత పుస్తకమున. అచ్చట అది వడ్డీచేత పెరుగును. రెండవది ఋణగ్రస్తుని మనస్సున; అచ్చట అది మౌనముచేత పెరుగును. వడ్డీని కొలుచుటకు గణితము కలదు. మౌనమును కొలుచుటకు గణితము లేదు. ఇంటి యజమాని రాత్రివేళ నిద్రపట్టక ఎన్నిమారులు మనస్సులో కూడికలు వేసికొన్నను మొత్తము సరిగా తేలదు. ఏలయన, ఒకటి రెండు బాకీలను అతడు ఇల్లాలినుండియే కాక తననుండియు దాచుకొనుచుండును. కావున ఋణవిముక్తిని గూర్చిన పాఠము ధనముతో కాక సత్యముతో ఆరంభింపవలసియున్నది.

ఈ వ్యాసమున విచారింపదగిన విషయములు మూడు. ఇంటిలో అప్పు ఎట్లు నిలుచుచున్నది? దానిని తీర్చుటకు ఎట్టి మనోభావము కావలెను? ఆ మనోభావమును నిలుపుటకు ఏ నిత్యాభ్యాసములు అవసరము?

1. అప్పు ఇంటిలో నిలుచు విధము

అనకాపల్లికిని తునికిని నడుమ, మద్రాసు – హౌరా రైలుమార్గముమీద, జాతీయ రహదారి ప్రక్కన ఉన్న పట్టణము ఎలమంచిలి. 2022 ఏప్రిల్ వరకు విశాఖపట్టణము జిల్లాలో నుండి, నాటినుండి అనకాపల్లి జిల్లాలో చేరినది. ఈ ప్రాంతపు ఇండ్లకు రెండు విధములైన రాబడులు కలవు. చెరకు, వరి పండించు కుటుంబమునకు ధనము ఏటికి ఒకటి రెండు మారులు వచ్చును. ఖర్చు మాత్రము ప్రతిదినము ఉండును. విశాఖలోని రేవునకు, ఉక్కు కర్మాగారమునకు, అచ్యుతాపురములోని పరిశ్రమలకు పనికిపోవు కుటుంబమునకు జీతము నెలకొకమారు వచ్చును. కాని పెండ్లి, చదువు, జబ్బు నెలల లెక్క చూచి రావు. రాబడి వచ్చు కాలమునకు, ఖర్చు పడు కాలమునకు నడుమనున్న ఆ ఎడమునందే అప్పు తొలుత అడుగుపెట్టును.

అడుగుపెట్టుట తప్పు కాదు. విత్తనమునకు, ఎరువునకు, కుట్టుయంత్రమునకు, కుమారుని చదువునకు చేసిన అప్పు తన్ను తీర్చుకొను శక్తిని తనతోనే తెచ్చును. తిని మరచిన విందునకు, పొరుగువారి కంటికొరకు కొన్న వస్తువునకు చేసిన అప్పునకు ఆ శక్తి లేదు. మొదటిది కాడికి కట్టిన ఎద్దు. రెండవది పనిలేక కట్టుగొయ్యవద్ద మేతమేయు ఎద్దు. రెంటికిని మేత పెట్టవలసినదే. ఇంటిలో నేది యెక్కువగా నున్నదో గృహస్థు తెలిసికొనవలెను.

ఈ భారము ఒక యింటిది కాదు. 2019లో జరిగిన జాతీయ నమూనా సర్వే 77వ విడత లెక్కల ప్రకారము ఆంధ్రప్రదేశ్‌లోని వ్యవసాయ కుటుంబములలో నూటికి 93.2 అప్పులో నుండెను. దేశము మొత్తముమీద అది నూటికి 50.2 మాత్రమే. ఒక్కొక్క కుటుంబముమీద సగటు బాకీ మన రాష్ట్రమున రూ. 2,45,554, దేశమున రూ. 74,121. ఈ రెండు లెక్కలలోను ఆంధ్రప్రదేశ్‌దే దేశమున మొదటి స్థానము. ఇందులో బ్యాంకుల పంటఋణములు కూడ చేరియున్నవి గనుక అంతయు దుర్వ్యయమని తలపరాదు. అయినను, పది యిండ్లలో తొమ్మిది యిండ్లు బాకీలో నున్నచోట ‘అప్పు పడితిని’ అని సిగ్గుపడి దాచుకొనుటలో అర్థము లేదని మాత్రము ఈ అంకెలు చెప్పుచున్నవి. ప్రక్క యింటివారును అదే బాధను అదే విధముగా దాచుకొనుచున్నారు.

2. చట్టములు చేసిన మేలు, చేయలేని పని

ఋణగ్రస్తుని కాపాడుటకు ప్రభుత్వములు ప్రయత్నింపకపోలేదు. ఈ ప్రాంతము మద్రాసు రాష్ట్రములో నున్నపుడు, 1938లో రాజగోపాలాచారి మంత్రివర్గము వ్యవసాయదారుల ఋణభారనివారణ చట్టమును తెచ్చి, పాత బాకీలపై పేరుకొన్న వడ్డీని తగ్గించినది. అంతకుముందే 1904లో సహకార పరపతి సంఘముల చట్టము వచ్చియుండెను. ఎలమంచిలికి సమీపమున వరాహనది యొడ్డున ఉన్న ఏటికొప్పాకలో 1933లో రైతులు చేతులు కలిపి సహకార పద్ధతిపై చక్కెర కర్మాగారమును స్థాపించుకొనిరి. ఒంటరిగా నున్న రైతునకు లేని బలము కలసియున్న రైతులకు కలదని ఆ యూరు చాటినది.

అయినను 1951–52లో జరిగిన అఖిల భారత గ్రామీణ పరపతి పరిశీలనలో తేలినదేమి? గ్రామీణులు తెచ్చుకొన్న అప్పులో సహకార సంఘములు ఇచ్చినది నూటికి మూడు వంతులు మాత్రమే. వడ్డీవ్యాపారులు ఇచ్చినది నూటికి డెబ్బదికి దగ్గర.

తరువాతి కాలమున పరిస్థితి మారినది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో స్త్రీలు సారాకు వ్యతిరేకముగా లేచిరి. సారాకు పోయెడి రూపాయి ఇంటిలో నిలిచినపుడు దానిని దాచుకొనుటకు ఆ జిల్లాలో ‘పొదుపు లక్ష్మి’ సంఘములు వెలసెను. దినమునకు ఒక రూపాయి – అదియే వారి నియమము. ఆ నియమము రాష్ట్రమంతట డ్వాక్రా సంఘములకు బలమైనది. కాని అదే రాష్ట్రమున 2010 నాటికి వేరొక దృశ్యము కనబడెను. సూక్ష్మఋణ సంస్థలు పోటీపడి ఒకే యింటికి మూడు నాలుగు అప్పులిచ్చెను. ఒకరి వారపు వాయిదా కట్టుటకు వేరొకరివద్ద తెచ్చుట ఆచారమైనది. వసూలు ఒత్తిడికి తాళలేక ప్రాణములు విడిచిన వారి వార్తలు వెలువడెను. 2010 అక్టోబరు 15న రాష్ట్ర ప్రభుత్వము అత్యవసర శాసనము తెచ్చి, ఆ సంస్థలు నమోదు కావలెననియు, బలవంతపు వసూళ్ళు చేయరాదనియు ఆజ్ఞాపించినది. రిజర్వు బ్యాంకు 2022లో మరియొక హద్దు పెట్టినది. ఏటికి మూడు లక్షల లోపు రాబడిగల కుటుంబమునకు తాకట్టు లేక ఇచ్చు సూక్ష్మఋణములందు, ఆ కుటుంబము కట్టవలసిన అన్ని నెలవాయిదాలు కలసి నెల రాబడిలో సగమునకు మించరాదు.

ఇవన్నియు అవసరమైనవే. చట్టము వడ్డీని తగ్గింపగలదు. వసూలుచేయువాని చేయి పట్టుకొనగలదు. కాని ఒక బాకీ తీరిన మరునాడు గృహస్థు మరల సంతకము చేయబోవు చేతిని చట్టము పట్టుకొనజాలదు. ఆ చేతిని పట్టుకొనవలసినది ఇంటిలోనివారే.

3. లక్కమ్మ చూపిన లెక్క

పన్నెండవ శతాబ్దమున కళ్యాణపట్టణమున ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ అను శరణ దంపతులుండిరి. నేల రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట మారయ్య కాయకము. ఒకనాడు ఆయన శివానుభవ ప్రసంగమున మునిగి కాయకవేళను మరచెను. లక్కమ్మ భర్తకు వేళ గుర్తుచేసి పనికి పంపెను. మరియొకనాడు ఆయన నిత్యము తెచ్చు దానికంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. ఆమె సంతోషింపలేదు. ఇది మనకు చాలిన కొలత కాదు, మిగిలినది తెచ్చిన చోటనే పోసి రమ్మని తిప్పి పంపెను. తమ కాయకమున లభించిన ఆ కొలతతోనే వారు జంగమదాసోహము నడపిరని శరణచరితము.

ఈ కథను వైరాగ్యమునకు ఉదాహరణముగా చెప్పుట వాడుక. గృహస్థు దానిని ఇంటిలెక్కకు ఉదాహరణముగా కూడ చదువుకొనవలెను. ఇందు మూడు పాఠములు కలవు. మొదటిది: కాయకమునకు విరామము లేదు, సత్ప్రసంగము సైతము దానికి సాకు కారాదు. రెండవది: ఆ యింటికి ‘చాలినది’ ఎంతయో కొలత ఉన్నది, కొలత యున్నందుననే ‘ఎక్కువ’ అన్నది కంటబడినది. నేటి ఇండ్లలో చాలినదెంతయో ఎవరికిని తెలియదు గనుక ఎక్కువ అయినపుడును తెలియదు. మూడవది: ఆ కొలత ఇల్లాలికి తెలియును. భర్త తెచ్చిన దానిని చూచి ఇది మనది, ఇది మనది కాదు అని చెప్పు అధికారము ఆమెకు కలదు. భర్త ఆ మాట వినెను.

బసవేశ్వరుడు బిజ్జలుని కొలువున భండారి. రాజధనమును జంగమములకు ధారపోయుచున్నాడని గిట్టనివారు కొండెములు చెప్పిరి. బిజ్జలుడు లెక్క చూపుమనగా బసవన్న జంకలేదు. భండారము తెరచి లెక్కింపగా ఒక్క మాడయు తరుగలేదని పాల్కురికి సోమనాథుని బసవపురాణము చెప్పుచున్నది. ఆ మహిమను భక్తితో తలచునపుడు అందలి లోకనీతిని కూడ తలపవలెను: ఎవరు ఏ దినమున అడిగినను లెక్క తెరచి చూపగల ధైర్యమే భండారి గుణము. ప్రతి గృహస్థును తన యింటికి భండారియే.

4. విడువవలసిన భావములు నాలుగు

మొదటిది, దాచుట. భర్త తెచ్చిన ప్రోనోటు బాకీ భార్యకు తెలియదు. భార్య కుదువబెట్టిన గాజులు భర్తకు తెలియవు. ఇరువురును ఒకరినొకరు బాధపెట్టరాదనియే దాచుకొందురు. ఫలితముగా రెండు రహస్యములకు రెండు వడ్డీలు కట్టుచుందురు.

రెండవది, ఆడంబరము. పెండ్లిపందిరి ఒకనాటిది, దాని బాకీ పదేండ్లది. ‘నలుగురు ఏమందురో’ అని చేసిన ఖర్చునకు ఆ నలుగురిలో ఒక్కడును వాయిదా కట్టడు.

మూడవది, అయాచితముగా వచ్చు ధనముపై ఆశ. మాఫీ వచ్చును, స్థలము ధర పెరుగును, చీటీపాట కలసివచ్చును అని వేచియుండుట. వచ్చిన మంచిదే. రాకపోయినను నడచు లెక్కయే లెక్క. ఆశమీద వ్రాసిన పద్దు నీటిమీద వ్రాత.

నాల్గవది, నిరాశ. ‘ఇది తీరునది కాదు’ అను మాట ఋణగ్రస్తుని నోట తరచుగా వినబడును. లెక్క వ్రాయకముందే ఆ మాట అనువారే ఎక్కువ. నిరాశ ముదిరి ప్రాణముమీదికి వచ్చిన సందర్భములు మన జిల్లాలలో లేకపోలేదు. బాకీపడినది ధనము, ప్రాణము ఎవ్వరికిని బాకీపడలేదు. మనిషి యున్న బాకీ తీరును. మనిషి లేనిచో ఆ బాకీతోపాటు దుఃఖము కూడ పిల్లలకు మిగులును. అట్టి చీకటి మనస్సును క్రమ్మినపుడు ఇంటివారితో, గురువుతో, స్నేహితునితో వెంటనే చెప్పవలెను. ప్రభుత్వము 2022లో నెలకొల్పిన టెలీమానస్ సేవకు 14416 సంఖ్యపై ఏ వేళనైనను మాటలాడవచ్చును.

5. ఒక యింటి లెక్క

అభ్యాసమును మాటలలో చెప్పుటకంటె ఒక లెక్కలో చూపుట మేలు. ఇది ఊహించిన యుదాహరణము. అంకెలు మాత్రము సరిగా వేయబడినవి.

ఎలమంచిలిలో ఒక చిన్న దుకాణదారు. అతని భార్య ఇంటివద్ద బట్టలు కుట్టును. ఇరువురి రాబడి నెలకు 24,000 రూపాయలు. రెండేండ్ల క్రిందట కుమార్తె పెండ్లి చేసిరి. ఒక సోమవారము రాత్రి, ఇష్టలింగపూజ ముగిసిన పిమ్మట, భార్య ఒక నోటుపుస్తకము తెచ్చి ముందుంచినది.

“ఏమండీ, ఈ రాత్రి ఉన్నదున్నట్లు వ్రాసికొందాము. నేను కోపపడను. నా వద్ద కూడ ఒకటి చెప్పవలసినది ఉన్నది.”

భార్య మూడు బాకీలని తలచినది. భర్త నాలుగని తలచెను. వ్రాయగా అయిదు తేలినవి.

ఒకటి, షావుకారు వద్ద ప్రోనోటుపై 50,000. రెండు రూపాయల వడ్డీ. అనగా నూటికి నెలకు రెండు, ఏటికి 24. నెలవడ్డీ 1,000. రెండు, దుకాణము కొరకు తెచ్చిన రోజువారీ ఫైనాన్సు, దినమునకు 100 చొప్పున ఇంకను 60 దినములు, మిగిలినది 6,000. మూడు, డ్వాక్రా సంఘము ద్వారా వచ్చిన అప్పులో 40,000, రూపాయి వడ్డీ, నెలవాయిదా 2,000. నాలుగు, బ్యాంకులో బంగారముపై 60,000, ముప్పావలా వడ్డీ, నెలకు 450. అయిదు, భార్య తన అన్నగారివద్ద తెచ్చిన చేబదులు 15,000, వడ్డీ లేదు. ఆమె చెప్పవలసినది అదియే.

మొత్తము 1,71,000. భర్త మనస్సున అది మూడు లక్షలుగా నుండెను. వ్రాయని అప్పు భయములో ఎక్కువగాను, లెక్కలో తక్కువగాను కనబడుట సహజము. ఒక్కొక్కచో తారుమారుగాను ఉండును. ఎట్లున్నను, తెలిసిన అంకెతో పోరాడవచ్చును. తెలియని దానితో పోరాడజాలము.

వారు నెలకు ఇప్పటికే కట్టుచున్నది ఎంత? 1,000, 3,000, 2,000, 450 – వెరసి 6,450. ఈ 6,450 రూపాయలే వారి ఆయుధము. కొత్త రాబడి అక్కరలేదు. రెండు నియమములు మాత్రము చాలును. కొత్త అప్పు తేరాదు. ఒక బాకీ తీరినపుడు మిగిలిన వాయిదాను ఇంటిఖర్చులో కలుపక, ప్రక్క బాకీకి చేర్చవలెను.

మొదటి రెండు నెలలు యథాతథముగా కట్టిరి. రోజువారీ ఫైనాన్సు తీరినది. మిగిలిన 3,000 ప్రోనోటు వడ్డీ 1,000తో చేర్చి, నెలకు 4,000 చొప్పున షావుకారునకు కట్టిరి. అసలు తగ్గిన కొలది వడ్డీ తగ్గును గనుక 17వ నెలలో ఆ నోటు తీరినది. తరువాతి నాలుగు నెలలలో అన్నగారి 15,000 తీరినది. 22వ నెలనుండి ఆ 4,000 బంగారము బాకీవైపు మళ్ళినది. 23వ నెలలో డ్వాక్రా బాకీ తీరినది. దాని 2,000 కూడ బంగారమునకు చేరినది. 32వ నెలలో బంగారము ఇంటికి వచ్చినది. మూడేండ్లు నిండకముందే అయిదు బాకీలును చెల్లినవి. మొదటి నెలలో ఎంత కట్టిరో చివరవరకు అంతకు మించి కట్టలేదు.

ఇందలి మర్మము గ్రహింపదగినది. అప్పు తీర్చుటకు గొప్ప త్యాగము ఒకనాడు చేయుట కాదు. చిన్న నియమము 32 నెలలు తప్పక నిలుపుట.

6. నిత్యాభ్యాసములు

(అ) వడ్డీని ఏటి లెక్కలో చదువుట. ‘రెండు రూపాయలే కదా’ అను మాట చెవికి తేలిక. ఏటికి నూటికి ఇరువదినాలుగు అని చదివినపుడు బరువు తెలియును. మూడు రూపాయలు ఏటికి 36. అయిదు రూపాయలు ఏటికి 60. రోజువారీ ఫైనాన్సులో పదివేలకు వ్రాసికొని తొమ్మిదివేలు చేతికిచ్చి, దినమునకు 100 చొప్పున నూరు దినములు వసూలు చేయుదురు. వేయి రూపాయలే పోయినట్లు తోచును. కాని అసలు ప్రతిదినము తగ్గుచుండగా ఆ వేయి పోయినది. ఏటి లెక్కకు తెచ్చిన అది నూటికి సుమారు 80.

(ఆ) వడ్డీతో ఆగకుండుట. 50,000 రూపాయలకు రెండు రూపాయల వడ్డీతో నెలకు 1,000 కట్టుచున్న ఎన్నటికిని తీరదు. 1,500 కట్టిన 56వ నెలలో తీరును. 2,000 కట్టిన సుమారు 35 నెలలు. 2,500 కట్టిన 26వ నెలలో తీరును. తొలి అయిదువందలు ‘ఎన్నటికిని’ అనుదానిని నాలుగేండ్ల యెనిమిది నెలలుగా మార్చినది. వడ్డీకి పైన వేసిన ప్రతి రూపాయియు అసలును కొరుకును.

(ఇ) నోటు తిరగవ్రాయకుండుట. ప్రోనోటునకు కాలదోషము మూడేండ్లు. గడువు సమీపింపగనే అసలు, వడ్డీ కలిపి క్రొత్తనోటు వ్రాయించుకొనుట వాడుక. పైన చెప్పిన 50,000 మూడేండ్లు ఏమియు కట్టక తిరగవ్రాసిన 86,000 అగును. మరల మూడేండ్లకు 1,47,920 అగును. ఆరేండ్లలో దాదాపు మూడింతలు. బారువడ్డీ చక్రవడ్డీగా మారు చోటు ఈ తిరగవ్రాతయే.

(ఈ) చెల్లు వ్రాయించుకొనుట. కట్టిన ప్రతి పైకమునకు నోటు వెనుక తేదీతో చెల్లు వ్రాయించుకొని, తన పుస్తకమున కూడ వ్రాసికొనవలెను. అంతయు తీరిన దినమున నోటును చేతికి తీసికొనవలెను. ఇది అపనమ్మకము కాదు. ఇరుపక్షముల గౌరవమునకు రక్ష. గడువు దాటి కాలదోషము పట్టిన నోటు విషయమున న్యాయస్థానము బలవంతపెట్టకపోవచ్చును. కాని తీసికొన్న ధనమును ఇచ్చుట శరణునకు న్యాయస్థానము చెప్పవలసిన ధర్మము కాదు.

(ఉ) వరుస నిర్ణయించుకొనుట. వడ్డీ ఎక్కువైన బాకీని ముందు తీర్చుట గణితమునకు లాభము. చిన్న బాకీని ముందు తీర్చుట మనస్సునకు బలము. మొదట ఒక చిన్నది తీర్చి ధైర్యము తెచ్చుకొని, పిదప వడ్డీ వరుసను పట్టుట గృహస్థునకు అనుకూలము. బంగారము పెట్టెలోనుండగా షావుకారునకు రెండు రూపాయల వడ్డీ కట్టుటకంటె, దానిని బ్యాంకులో కుదువబెట్టి నోటు తీర్చుట మేలు. అట్లు చేసిన పిమ్మట వాయిదా తగ్గింపరాదు. తగ్గించినచో బాకీ చోటు మారినదే గాని తీరలేదు.

(ఊ) తప్పిన వాయిదాను ముందుగా చెప్పుట. ధనము లేని దినమున వీథి మార్చి నడచుట మానవలెను. గడువునకు ముందే ఋణదాతవద్దకు పోయి, ‘అయ్యా, ఈ నెల సగమే ఇయ్యగలను, మిగిలినది పై నెల పదవ తేదీలోపల ఇత్తును’ అని చెప్పి, ఆ తేదీని నిలుపుకొనవలెను. మాట తప్పని బాకీదారునకు గడువు దొరకును.

(ఋ) సెల్‌ఫోను అప్పులకు దూరముగా నుండుట. క్షణములో ధనమిత్తుమని చెప్పు యాప్‌లలో కొన్ని ఫోనులోని పేర్లు, చిత్రములు గ్రహించి తరువాత బెదరించుచున్నవి. తెలియక చిక్కుకొన్నవారు సిగ్గుపడి మరల కట్టుచు పోరాదు. ఇంటిలో చెప్పి, 1930 సంఖ్యకుగాని సమీపపు పోలీసు ఠాణాకుగాని తెలుపవలెను.

(ౠ) ఆపద్ధనము. బాకీలు తీర్చుచున్నపుడే దినమునకు పది రూపాయలైనను వేరుగా నుంచవలెను. ఏటికి 3,650 అగును. జ్వరము వచ్చిన రాత్రి మరల షావుకారు గడప త్రొక్కకుండ అది కాపాడును. దూబగుంట ప్రాంతపు స్త్రీలు ఒక రూపాయితోనే ఆరంభించిరని మరువరాదు.

7. అప్పుతో దాసోహము తగునా?

ఇచ్చట లింగవంతుల ఇండ్లలో ఒక సంశయము కలుగును. బాకీలున్నను గురులింగజంగమ సేవ ఆపరాదు కదా, లింగధారణ, వివాహము, పెద్దల ఆరాధన ఘనముగా చేయవలదా, దానికి అప్పు తెచ్చిన దోషమేమి అని.

దోషము ఇందున్నది. శరణుల మతమున కాయకము ముందు, దాసోహము పిదప. చెమటోడ్చి సంపాదించిన దానిలో భాగమును వినయముతో సమర్పించుట దాసోహము. అప్పు తెచ్చిన ధనము కాయకఫలము కాదు. అది ఇంకను పరులది. పరుల ధనముతో పెట్టిన విందునకు దాసోహమని పేరిడుట తగదు. లక్కమ్మ ఎక్కువైన బియ్యమునే తిప్పి పంపినపుడు, అరువు బియ్యమును వండుటకు ఒప్పుకొనునా? పత్రి, నీరు, పిడికెడు ప్రసాదము – కాయకమునుండి వచ్చిన ఇవియే లింగమునకు ప్రియము.

ఈ విషయమున మఠములకును బాధ్యత కలదు. భక్తుని కానుకను పదిమందిలో చదువునపుడు, ఇయ్యలేని భక్తుడు మరునాడు అప్పునకు పోవుచున్నాడేమో యని స్వాములవారు తలపవలెను. సామూహికముగా, తక్కువ ఖర్చుతో వివాహములు, లింగధారణలు జరిపించుట. ‘ఈ యేడు మా యింట బాకీ తీర్చు దీక్ష నడచుచున్నది’ అని చెప్పిన కుటుంబమును తక్కువగా చూడక ఆశీర్వదించుట – ఇవి మఠము చేయగల ఘనమైన దాసోహములు. పీఠమునుండి ఒక్కమారు ఆ మాట వినబడిన, సిగ్గుతో దాచుకొన్న ఎన్నియో ఇండ్లు ఊపిరి పీల్చుకొనును.

8. తీరిన దినము

పైని లెక్కలోని దుకాణదారు 17వ నెలలో నోటు తీసికొని యింటికి వచ్చును. భార్య వెనుకవైపు చెల్లులన్నియు చదివి, చివరి తేదీవద్ద వ్రేలుంచి, పుస్తకములోని పద్దుతో సరిచూచును. సరిపోవును. అంతట నోటును అడ్డముగా గీత గీసి ఆ పుస్తకములోనే భద్రపరతురు. కుమారుడు, ‘చింపివేయరా నాన్నా?’ అని అడుగును. ‘వద్దురా, నీవు పెద్దవాడవైన తరువాత చూచుటకు ఉండనీ’ అని తండ్రి చెప్పును.

ఆ పుస్తకమే ఆ యింటి ఆస్తి. పిల్లలకు తండ్రి యియ్యదగినవి ఇల్లు, పొలము మాత్రమే కావు. లెక్క చూచి భయపడని మనస్సు కూడ. దాచిన అప్పు దినదినము పెరుగును. చెప్పిన అప్పు ఆ రాత్రినుండియే తరుగును. శేషమున్న నిప్పు, శేషమున్న బాకీ మరల రాజుకొనునని పెద్దల హెచ్చరిక. కావున చివరి రూపాయివరకు పట్టు విడువరాదు.

ఇంటిల్లిపాది కలసి విచారించుటకు:

1. మన యింటి బాకీలన్నియు ఒకే పుస్తకమున ఉన్నవా? ఇంటిలో ఎవరికైనను తెలియని బాకీ కలదా?

2. నెలకు వాయిదాలకు పోవునది ఎంత? రాబడిలో అది ఎన్నవ వంతు?

3. ఇందులో కాడికి కట్టిన ఎద్దులెన్ని? కట్టుగొయ్యవద్ద మేయునవి ఎన్ని?

4. ముందుగా తీరు బాకీ ఏది? అది తీరిన నెలనుండి దాని వాయిదా దేనికి చేరవలెను?

5. మన యింటికి ‘చాలినది’ ఎంత? లక్కమ్మ మన గడపలో నిలిచిన దేనిని తిప్పి పంపును?

శరణు శరణార్థి.